అక్క పంపిన అమెరికా ఫోను, అమ్మ వంటగది: ఒక బ్యాండ్ల డైరీ

పెట్టె విప్పిన సంబరం, ఫొటోలు అన్నీ వదిలేస్తున్నాను. పని ఇది: డాలస్‌లో ఉండే అక్క తను రెండేళ్ళు వాడిన 5జీ ఫోనును ఊరికొస్తున్న తెలిసినవాళ్ళ చేతికిచ్చి పంపింది. దాన్ని కోనసీమలో, రాజోలు దగ్గర మా ఊళ్ళో, అమ్మ చేతిలో పనిచేసేలా చేయాలి. అమ్మ పాత ఫోను ఛార్జింగ్ ఎక్కడం మానేసింది కాబట్టి తొందర కూడా ఉంది. ప్రతి ఇంట్లోనూ ఇలాంటి అమెరికా ఫోను ఒకటి బీరువాలో పడి ఉంటుంది కదా, నేను పడ్డ తిప్పలు ఇంకొకరు పడకుండా ఉంటారని రాస్తున్నాను.

పోలికకు నా ఫోను వాడాను. 2023లో హైదరాబాద్‌లో కొన్నది, మధ్యరకం ధర. కింద "అమెరికా ఫోను", "నా ఫోను" అంటే ఇవే. రెండు కంపెనీల సిమ్ములు వాడాను, వాటిని సిమ్-1, సిమ్-2 అంటాను.

దశ 1: తాళం

సిమ్-1 వేయగానే నెట్‌వర్క్ అన్‌లాక్ పిన్ అడిగింది, అంటే అమ్మిన కంపెనీ సిమ్ తప్ప వేరేది పట్టకుండా తాళం వేసి ఉంది. అక్కడ నెలసరి కిస్తీల మీద కొన్న ఫోను. కిస్తీలన్నీ తీరిపోయాయి, అయినా తాళం దానంతట అది ఊడలేదు.

1. *#06# నొక్కి ఐఎమ్‌ఈఐ నంబరు (ప్రతి ఫోనుకీ వేరుగా ఉండే గుర్తింపు నంబరు) ఫొటో తీసి అక్కకు పంపాను.
2. అక్క తన అకౌంట్‌లోంచి అన్‌లాక్ అడిగింది. కుదరదన్నారు. ఆఖరి బిల్లులో నాలుగు డాలర్లు బాకీ ఉందట.
3. అది కట్టాక రెండు రోజులకు సరేనన్నారు.
4. ఫోనును వైఫైకి కలిపి ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేశాను. తాళం పోయింది.

మనకు పగలైతే వాళ్ళకు రాత్రి కాబట్టి ఈ నాలుగు ముక్కలకు మొత్తం నాలుగు రోజులు పట్టింది. ఫోను విమానం ఎక్కకముందే ఈ పని అక్కడే చేయించుకోండి. ఇంకో మాట, మాకు రాని ఇబ్బంది: ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మిన మోడళ్ళకు సిమ్ ట్రే లేదు, ఈ-సిమ్ (ఫోను లోపలే ఉండే సిమ్) ఒక్కటే. అది చూసుకోకుండా తెప్పించుకుని పిన్నీసుతో కన్నం కోసం వెతికినవాళ్ళు నాకు తెలుసు.

ఇప్పటికి: ఖర్చు రూ.0, పని గంటన్నర.

దశ 2: జాబితా తప్పు చూశాను

ఇక్కడ చేసిన తప్పే పెద్దది. ఫోను పేరు కొట్టి నెట్‌లో బ్యాండ్ల జాబితా (బ్యాండ్ అంటే టవరూ ఫోనూ మాట్లాడుకునే ఫ్రీక్వెన్సీల వరుస, ఒక్కోదానికి ఒక నంబరు, 5జీవైతే నంబరు ముందు ఎన్ ఉంటుంది) చూశాను, అందులో 40 ఉంది, 28 ఉంది, ఎన్78 కూడా ఉంది, ఇంకేం కావాలి అనుకుని ప్రశాంతంగా పడుకున్నాను. అది అదే పేరుతో వేరే దేశాల్లో అమ్మిన మోడల్ జాబితా. పెట్టె మీది పేరు ఒకటే అయినా అమెరికాకు ఒక మోడల్, ఇండియాకు ఒకటి, మిగతా దేశాలకు ఒకటి చేస్తారు. తేడా అంతా మోడల్ నంబర్ చివర ఉండే ఒకటి రెండు అక్షరాల్లోనే ఉంటుంది. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌కి వెళ్ళి ఆ నంబరు పూర్తిగా, చివరి అక్షరంతో సహా రాసుకుని, తయారీ కంపెనీ సైట్‌లో ఆ నంబరుకే జాబితా చూడాలి.

సరైన జాబితా ఇదీ:
4జీ: 1, 2, 3, 4, 5, 7, 12, 13, 25, 26, 41, 66, 71
5జీ: ఎన్2, ఎన్5, ఎన్25, ఎన్41, ఎన్66, ఎన్71, ఎన్77

మన దగ్గర వాడకంలో ఉన్న ముఖ్యమైన 4జీ బ్యాండ్లు ఇవి: బ్యాండ్ 1 అంటే 2100 మెగాహెర్ట్జ్, 3 అంటే 1800, 5 అంటే 850, 8 అంటే 900, 40 అంటే 2300, 41 అంటే 2500. బీఎస్ఎన్ఎల్ 4జీకి 2100తో పాటు 700 కూడా వాడుతోంది, అది బ్యాండ్ 28. 5జీలో ప్రధానమైనది ఎన్78, అంటే 3300 మెగాహెర్ట్జ్ వైపు. 700లో నడిచే 5జీకి ఎన్28 కావాలి. 2022 అక్టోబరు 1న 5జీ మొదలైనప్పటి నుంచి ఎక్కువమందికి అందుతున్నది ఎన్78 మీదనే.

పక్కపక్కన పెట్టి చూస్తే అమెరికా ఫోనులో 8 లేదు, 28 లేదు, 40 లేదు, ఎన్28 లేదు, ఎన్78 లేదు. 1, 3, 5, 41 ఉన్నాయి. 5 ఉండటం అదృష్టమే, ఎందుకంటే 850 అక్కడా ఇక్కడా ఒకటే. అక్కతో చెప్తే "ఒరే, పెట్టె మీద ఫైవ్‌జీ అని ఇంత లావున రాసుందిరా" అంది. రాసింది నిజమే, ఆ 5జీ డాలస్‌ది.

ఇప్పటికి: ఖర్చు రూ.0, పని మూడున్నర గంటలు.

దశ 3: ఇంట్లో కొలతలు

జాబితా ఒక సగమే. మన టవర్ ఏ బ్యాండ్లు ఇస్తోంది, అవి మన గోడల్లోంచి లోపలికొస్తున్నాయా అన్నది ఇంకో సగం. అందుకని నా ఫోనులో నెట్‌మాన్‌స్టర్ అనే సిగ్నల్ కొలిచే యాప్ వేసుకుని ఇల్లంతా తిరిగాను. సిగ్నల్ గీతలు చూడకండి. ఒక కంపెనీ మూడు గీతలు చూపించేచోట ఇంకో కంపెనీ ఒకటే చూపిస్తుంది. చూడాల్సింది ఆర్ఎస్ఆర్‌పీ అనే అంకె, టవర్ సిగ్నల్ ఎంత బలంగా అందుతోందో చెప్తుంది, డీబీఎం అనే కొలతలో ఉంటుంది, మైనస్ గుర్తుతో. మైనస్ 80 అంటే బాగుంది, 100 అంటే పర్వాలేదు, 110 దాటితే ఈడుస్తూ నడుస్తుంది, 118, 120కి వచ్చాక చేతులెత్తేస్తుంది. 3 తగ్గితే సిగ్నల్ సగమైనట్టు, 10 తగ్గితే పదోవంతుకు పడిపోయినట్టు.

యాప్‌లో బ్యాండ్ పేరు కనపడకపోతే ఛానల్ నంబర్ కనిపిస్తుంది, దాన్నిబట్టి చెప్పేయొచ్చు:
0 నుంచి 599: బ్యాండ్ 1
1200 నుంచి 1949: బ్యాండ్ 3
2400 నుంచి 2649: బ్యాండ్ 5
3450 నుంచి 3799: బ్యాండ్ 8
9210 నుంచి 9659: బ్యాండ్ 28
38650 నుంచి 39649: బ్యాండ్ 40
39650 నుంచి 41589: బ్యాండ్ 41

మొదటి రోజు కొలతలు మొత్తం చెత్తబుట్టలో వేశాను. నా ఫోను పొద్దున్న ఆరున్నరకు, అమెరికా ఫోను రాత్రి ఎనిమిదికి కొలిచాను. రాత్రి ఎనిమిదికి ఊరు ఊరంతా ఫోనులోనే ఉంటుంది, స్పీడు ఎలాగూ పడిపోతుంది. రెండో రోజు రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి, ఒకే కంపెనీ సిమ్‌తో (ఒకటి నాది, ఒకటి అమ్మది), ఒక్కోచోట పది రీడింగులు తీసి సగటు వేశాను.

అప్పుడు కూడా అమెరికా ఫోను ప్రతిచోటా నాలుగైదు డీబీఎంలు తక్కువ చూపిస్తోంటే బ్యాండ్లదే తప్పనుకున్నాను. కాదు, అక్క కారులో స్టాండుకి అతికించుకోవడానికి కవరులో ఇనుప బిళ్ళ పెట్టింది. అది తీసేశాక వంటగదిలో −114 కాస్తా −109 అయింది. ఇంత చిన్న బిళ్ళ. మళ్ళీ మొదటి నుంచి కొలిచాను.

సిమ్-1, పొద్దున్న ఏడు గంటలకు:

వీధి అరుగు: నా ఫోను బ్యాండ్ 40, −94, 31 ఎంబీపీఎస్. అమెరికా ఫోను బ్యాండ్ 3, −96, 9 ఎంబీపీఎస్.
హాలు: నా ఫోను బ్యాండ్ 3, −103, 11. అమెరికా ఫోను బ్యాండ్ 3, −105, 8.
వంటగది: నా ఫోను బ్యాండ్ 5, −106, 4.2. అమెరికా ఫోను బ్యాండ్ 5, −109, 3.
పెరట్లో కొబ్బరిచెట్ల కింద: నా ఫోను బ్యాండ్ 3, −99, 14. అమెరికా ఫోను బ్యాండ్ 3, −101, 9.
మేడ మీద: నా ఫోను 5జీ, ఎన్78, −97, 160. అమెరికా ఫోను బ్యాండ్ 3, −90, 12.

అరుగు మీద సంగతి చూడండి. సిగ్నల్ రెండింటికీ దాదాపు సమానం, స్పీడు మాత్రం మూడింట ఒక వంతు కూడా లేదు. మా టవర్‌లో బ్యాండ్ 40 దారి వెడల్పు, డేటా అంతా దాని మీదే పోతోంది. పైగా నా ఫోను 3నీ 40నీ కలిపి ఒకేసారి లాగుతుంది, దాన్నే క్యారియర్ అగ్రిగేషన్ అంటారు. అమెరికా ఫోనుకు 40 అనే దారి ఉన్నట్టే తెలియదు, ఇరుకు సందులో నిలబడుతుంది. రాత్రి ఎనిమిదికి అదే అరుగు మీద నా ఫోనుకు 12, దానికి 2.4 వచ్చింది.

మధ్యాహ్నం గట్టిగా వాన పడి వెలిశాక మేడ మీద ఎన్78 మళ్ళీ చూస్తే −102. టవర్‌కీ మేడకీ మధ్య కొబ్బరితోటే, ఆకులు తడిసి ఉన్నాయి. మరుసటి రోజు ఎండెక్కాక మళ్ళీ −97. ఎక్కువ ఫ్రీక్వెన్సీకి ఆకులన్నా గోడలన్నా పడదు. సిమ్-1లో వంటగది దాకా వచ్చేది 850 ఒక్కటే.

ఇప్పటికి: సిమ్-2 కొత్తది రీఛార్జితో కలిపి రూ.349. మొత్తం ఖర్చు రూ.349, పని తొమ్మిది గంటలు.

దశ 4: ఎన్77 మీద ఆశ, రాజోలు షాపు

ఎన్77 అంటే 3300 నుంచి 4200 మెగాహెర్ట్జ్ వరకు. ఎన్78 అంటే 3300 నుంచి 3800 వరకు. అంటే చిన్న గిన్నె పెద్ద గిన్నెలో పట్టినట్టు, ఎన్77 ఉన్న ఫోనుకు మన 5జీ అందాలి కదా అని నా లెక్క. మేడ మీద గంటసేపు నిలబడ్డాను. ఒక్కసారి కూడా రాలేదు.

తర్వాత చదువుకుంటే తెలిసింది. ఫోను గాలిలో తిరిగే ఫ్రీక్వెన్సీని చూసి ఎక్కేయదు, టవర్ "నేను ఎన్78" అని ప్రకటిస్తుంది, ఫోను తన జాబితాలో 78 ఉందా అని వెతుక్కుంటుంది, లేకపోతే పక్కకు తప్పుకుంటుంది. టవర్ తనను ఎన్77గా కూడా ప్రకటించుకుంటే వేరే సంగతి. ఇంకో ముడి కూడా ఉంది. 4జీని ఆసరాగా పట్టుకుని నడిచే 5జీ అయితే, అంటే ఎన్ఎస్ఏ అనే పద్ధతి అయితే, ఏ 4జీ బ్యాండ్‌తో ఏ 5జీ బ్యాండ్ జతకడుతుందో ఆ జంటలు కూడా ఫోను సాఫ్ట్‌వేర్‌లో ముందే రాసి ఉండాలి. అమెరికా ఫోనుకు అక్కడి జంటలు తెలుసు, మన 3తో 78 జంట తెలియదు. ఆసరా అక్కర్లేని ఎస్ఏ పద్ధతి అయితే అది కూడా సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ఉండాలి. మన దగ్గర కొన్న ఫోన్లకే మొదట్లో ఈ బాధ తప్పలేదు, ఐఫోన్లకు ఇండియాలో 5జీ తెరుచుకుంది 2022 డిసెంబరులో వచ్చిన ఐఓఎస్ 16.2తో. అంతవరకూ లోపల చిప్పు ఉండి కూడా ఊరికే కూర్చుంది.

ఇక రాజోలులో ఒక సెల్ షాపుకి తీసుకెళ్ళాను. "ఆయ్, సాఫ్ట్‌వేర్ కొట్టేద్దామండి, అన్ని బ్యాండ్లూ వచ్చేత్తాయండి" అన్నాడు కుర్రాడు, అంత ధీమాగా చెప్తే నమ్మకుండా ఎలా ఉంటాం. రూ.300 ఇచ్చాను. రెండు గంటల తర్వాత ఫోను భాష మారింది, బ్యాండ్లు మారలేదు. డబ్బులు తిరిగి అడగలేదు, నాదే బుద్ధితక్కువ.

ఎందుకు కుదరదో తెలుసుకుంటే మీ మూడొందలు మిగులుతాయి. మోడెం చిప్పు పాతిక బ్యాండ్లు పట్టగలదు, కానీ ఒక్కో బ్యాండ్‌కి దాని ఫిల్టరు, ఆంప్లిఫయరు, యాంటెనా దారి బోర్డు మీద ఉండాలి. బ్యాండ్ 40 అయితే 2400 దగ్గర ఆగుతుంది, వైఫై సరిగ్గా అక్కడే మొదలవుతుంది, మధ్యలో గోడలాగా మంచి ఫిల్టరు లేకపోతే ఒకదాన్ని ఒకటి పాడుచేస్తాయి. అమెరికాకు అమ్మే మోడల్‌లో ఆ ఫిల్టరు ఎవరు పెడతారు? లేని వస్తువును సాఫ్ట్‌వేర్ పుట్టించలేదు. కంప్యూటర్‌కి కలిపి మోడెం ఫైళ్ళు మార్చే పద్ధతులు కూడా చదివాను, చేయలేదు. తేడా వస్తే ఐఎమ్‌ఈఐ పోతుంది, దాన్ని మళ్ళీ రాయబోతే అది నేరం.

అదే షాపులో సిగ్నల్ బూస్టర్ కూడా చూపించారు, రూ.6,500. వద్దన్నాను. అనుమతి లేకుండా ఇంటి మీద రిపీటర్ పెట్టడం చట్టవిరుద్ధం, పైగా ఊరందరి సిగ్నల్ పాడవుతుంది. అయినా మన బాధ సిగ్నల్ లేక కాదు, బ్యాండ్ లేక.

ఇప్పటికి: షాపు రూ.300, ఆటో రూ.80. మొత్తం ఖర్చు రూ.729, పని పదమూడు గంటలు.

దశ 5: కాల్స్ రావు

5జీ లేకపోయినా అమ్మకు కాల్స్, వాట్సాప్ చాలు కదా అని సిమ్-1 వేసి ఇచ్చేశాను. సాయంత్రానికి అమ్మ: "ఏరా, నాకు ఫోను చేస్తే స్విచ్చాఫ్ అంటోందట?" వాట్సాప్ మాత్రం శుభ్రంగా నడుస్తోంది.

సంగతేమిటంటే 4జీ మీద మాట వెళ్ళాలంటే వోల్టీ కావాలి. బ్యాండ్ ఉన్నంత మాత్రాన వోల్టీ రాదు, ఆ కంపెనీ సెట్టింగులు ఫోను సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి. అమెరికా ఫోనులో ఉన్నవి అమెరికా కంపెనీల సెట్టింగులే. *#*#4636#*#* నొక్కి లోపలి టెస్టింగ్ మెనూ చూస్తే వోల్టీ మీట కనపడుతోంది, నొక్కితే కదలదు. వోల్టీ లేనప్పుడు కాల్ 2జీకి దిగాలి, సిమ్-1కి దిగడానికి 2జీ లేదు. అందుకని డేటా ఉండి కూడా ఫోను మూగది.

సిమ్-2కి 2జీ ఉంది, ఈ ఫోను 900లోనూ 1800లోనూ 2జీ పట్టుకుంటుంది. స్టాప్‌వాచ్ పెట్టి పదేసి కాల్స్ చేశాను:

1. నా ఫోను, వోల్టీ: నంబరు నొక్కిన దగ్గర్నుంచి రింగు వినపడేదాకా సగటున 3.1 సెకన్లు. పదికి పదీ వెళ్ళాయి.
2. అమెరికా ఫోను, 2జీకి దిగి: 8.6 సెకన్లు. పదిలో తొమ్మిది వెళ్ళాయి. మాట్లాడినంతసేపూ నెట్ ఆగిపోతుంది.

పర్వాలేదు, సర్దుకోవచ్చు అనుకున్నాను. కానీ సిమ్-2 కంపెనీ మా ఇంట్లోకి 4జీ పంపేది బ్యాండ్ 8 మీద. అది ఈ ఫోనులో లేదు. వంటగదిలో ఒట్టి 2జీయే, వీడియో కాల్ లేదు. అమ్మ రోజులో సగం ఉండేది అక్కడే.

ఇంకో తప్పు, ఇది పూర్తిగా నాదే. కొలతల కోసం ఆ 4636 మెనూలో "4జీ మాత్రమే" అని పెట్టి, తిరిగి మార్చడం మర్చిపోయాను. వోల్టీ లేని ఫోనుకు 4జీ మాత్రమే అంటే కాల్స్‌కి తలుపు మూసేసినట్టే. అర రోజు ఎవరి ఫోనూ రాలేదు, నేను నెట్‌వర్క్‌ని తిట్టుకుంటూ కూర్చున్నాను. బాబాయి మూడుసార్లు చేసి, ఏమైందోనని ఆఖరికి మనిషిని పంపాడు. ఆ మెనూ ముట్టుకునే ముందు ఉన్న సెట్టింగు ఫొటో తీసుకోండి.

ఇప్పటికి: ఖర్చు రూ.729, పని పదహారు గంటలు.

దశ 6: మార్పిడి

కొత్త ఫోను కొనడం ఒక దారి. అంతకంటే తేలికైన దారి నా చేతిలోనే ఉంది, చూడటానికి ఇన్ని రోజులు పట్టింది. నా ఫోనుకు కావలసిన బ్యాండ్లన్నీ ఉన్నాయి, అది అమ్మకు. అమెరికా ఫోను నాకు. నేను హైదరాబాద్‌లో రోజంతా ఆఫీసు వైఫైలోనో ఇంటి వైఫైలోనో ఉంటాను, బయట తిరిగేటప్పుడు బ్యాండ్ 3 దొరుకుతుంది, సిమ్-2తో కాల్స్ 2జీకి దిగినా నాకు నష్టం లేదు. కెమెరా మాత్రం నా పాతదానికంటే చాలా బాగుంది, ఆ లాభం ఒప్పుకోవాలి.

1. రెండు ఫోన్లలోనూ బ్యాకప్ తీసుకుని, నా ఫోను ఖాళీ చేశాను.
2. సిమ్-1 నా పాత ఫోనులో వేసి, వోల్టీ వచ్చిందో లేదో పైన గుర్తు చూసి, పది కాల్స్ చేశాను.
3. వంటగదిలో, పొయ్యి పక్కన అమ్మ ఫోను పెట్టుకునే అరమర దగ్గర కొలిచాను: బ్యాండ్ 5, −106.
4. 5జీ ఆపేశాను. మేడ మీద తప్ప ఎక్కడా నిలకడగా లేదు, కిందికొస్తే 5జీకీ 4జీకీ మధ్య ఊగులాడుతూ బ్యాటరీ తింటోంది. ఆపాక సాయంత్రానికి 22 శాతం మిగిలేది 41 అయింది.
5. అమ్మకు కొత్త కవరు, ఇనుప బిళ్ళ లేనిది, రూ.150.

శుక్రవారం పొద్దున్న అమ్మ వంకాయ వేపుడు చేస్తూ అక్కతో వీడియో కాల్ మాట్లాడింది, ముప్ఫై నాలుగు నిమిషాలు, ఒక్కసారి కూడా బొమ్మ ఆగలేదు. మధ్యలో అక్క నన్ను పిలిచి "చూశావా, నేను పంపిన ఫోను ఎంత బాగుందో" అంది. నేనేమీ అనలేదు.

మొత్తం: ఖర్చు రూ.879, పని పద్దెనిమిది గంటలు.

దశ 7: ఇటు నుంచి అటు

ఇదంతా చూసి పక్కింటి అత్తయ్యగారు వాళ్ళబ్బాయి ఫోను పట్టుకొచ్చారు. ఆగస్టులో ఎమ్మెస్‌కి డాలస్ వెళ్తున్నాడు, ఇక్కడే కొత్త ఫోను కొనేశారు. మోడల్ నంబర్ చూస్తే 4జీలో 1, 3, 5, 8, 28, 40, 41, 5జీలో ఎన్28, ఎన్78. అక్కడ కావలసినవి 2, 4, 12, 13, 66, 71, 5జీలో ఎన్41, ఎన్71, ఎన్77. గోడలు దాటి దూరం వెళ్ళే తక్కువ ఫ్రీక్వెన్సీలు అక్కడ ముఖ్యంగా 12, 13, 71, వీటిలో ఒక్కటీ ఈ ఫోనులో లేదు, 850లో 5 ఒక్కటే కలుస్తుంది. 3జీ మీద ఆధారపడదామంటే అక్కడి పెద్ద కంపెనీలు 2022లోనే దాన్ని మూసేశాయి. ఏటీ అండ్ టీ అనే అక్కడి కంపెనీ అయితే తను ఒప్పుకున్న మోడళ్ళ జాబితా పెట్టుకుని కూర్చుంటుంది, అందులో ఉందో లేదో వేరే చూడాలి.

బిల్లు తారీఖు చూశాను. నిన్నటిది. సీలు తీసేశారు, షాపువాడు వెనక్కి తీసుకుంటాడో లేదో రేపు పొద్దున్న కుర్రాడితో కలిసి వెళ్ళి అడగాలి.